తంగేడుపట్టయు కొంగునాటి బావులును

మధురను 1529 మొదలు 1736 వరకు ఏలిన నాయకరాజుల కాలమున తెలుగువారు కోయంబత్తూరు, మధుర సీమలలో విరివిగా స్థిరపడిరి. ఆ వలసలను గూర్చి వ్రాసినవారు విశ్వనాథనాయకుని పాలనమును, డెబ్బదిరెండు పాళెములను, నల్లరేగడిని సాగుచేసిన కమ్మ, బలిజ కుటుంబములను, మగ్గములతో వచ్చిన దేవాంగులను వర్ణించి తృప్తిపడిరి. ఆ సీమలోని తోటభూములకు బావులనుండి నీరు తోడిన తోలుబాన యెవరి చేతిపని యను ప్రశ్న వారికి తోచినట్లు లేదు.

ఆ ప్రశ్నకు సమాధానము తంగేడు పొదచెంత దొరకును. అరవమున ఆవారమనియు, వృక్షశాస్త్రమున సెన్నా ఆరిక్యులాటా యనియు దీనికి పేళ్లు. వాన చాలని బీళ్లలో గూడ పచ్చగా నిలిచి బంగారువన్నె పూలు పూచును. సంగకాలపు కుఱించిప్పాట్టులో పేర్కొన్న పూలలో నిది యొకటి. తెలంగాణమున బతుకమ్మకు ముఖ్యమైన పువ్వు. 2014 నుండి ఆ రాష్ట్రపుష్పము. కొంగునాట భోగినాడు వేపాకుతో, పూళైపూవుతో కలిపి దీనిని ఇంటి చూరున కట్టుదురు. పూలను పప్పులో వండుకొందురు. నీడనెండబెట్టి కషాయము కాచుకొందురు. కఱవు కాలమున లేతకాయలు, ఆకులు సయితము ఆహారమైనవి. తంగేడు పూచియుండగా చచ్చువారుందురా యని అరవమున సామెత.

అయినను దీని చరిత్ర పూవులో కంటె పట్టలోనే యెక్కువ. ఎండిన పట్టలో నూటికి దాదాపు 18 పాళ్లు తోలు పదునుచేయు వగరు పదార్థము కలదు. కొమ్మలు నఱికి, కొట్టి, పట్ట వలిచి యెండబెట్టుదురు. దానిని దంచి నీట నానవేసి, సున్నపునీట రోమము లూడ్చిన తోళ్లను ఆ రసమున నుంచుదురు. ఇట్లు పదునైన తోలుతోనే కపిలబాన, దాని తొండము సిద్ధమయ్యెడివి. అరవమున కవలై యనునది ఈ కపిలయే. ఎడ్లు మోకు లాగగా బాన పైకివచ్చి తొండముగుండ నీటిని కాలువలోనికి వదలెడిది. తోలు చినిగిననాడు తోట యెండవలసినదే.

ఆ తోలుపని చేసినవారు అరుంధతీయులు. వీరిలో పెక్కుమంది నేటికిని ఇండ్లలో తెలుగే మాటలాడుదురు, కొందఱిది కన్నడము. నాయకరాజుల కాలముననే వీరి పూర్వులు వచ్చిరని పలువురి అభిప్రాయము. బానలు, మోకులు, చెప్పులు కుట్టియిచ్చినందుకు రైతులు కోతలనాడు ధాన్యము కొలిచెడివారు. బావి నిలుచుటకు వీరి చేయి కావలెను. ఆ బావినీరు ముట్టుటకు మాత్రము వీరికి హక్కు లేకపోయెను.

ఈ వృత్తి క్షీణించుటకు కారణము లొకటి కావు. 1903 ప్రాంతమున ఆల్ఫ్రెడ్ చాటర్టన్ మదరాసులో క్రోము తోలుపని ప్రారంభించెను. నీటికి చెడని బానలే ఆయన మొదటి లక్ష్యములలో నొకటి. పిమ్మట దక్షిణాఫ్రికానుండి దిగుమతియైన వాటిల్ పట్ట దిండుగల్లు మొదలగు చోట్ల తోళ్లశాలలలో తంగేడుపట్టను వెనుకకు నెట్టెను. 1932లో పైకారా జలవిద్యుత్తు వచ్చిన తరువాత కోయంబత్తూరు బావులపై విద్యుత్ పంపులు క్రమముగా వ్యాపించినవి. కపిల మూలబడెను, దానితో ధాన్యపు కొలతయు పోయెను.

తమిళనాడు ప్రభుత్వము 2009లో అరుంధతీయులకు షెడ్యూల్డు కులముల కోటాలో నూటికి మూడుపాళ్లు ప్రత్యేకించెను. ఆ చట్టము పేర్కొన్న ఏడు పేళ్లలో మాదిగ, ఆది ఆంధ్ర యనునవి రెండు.