పాత కారుకు విలువ కట్టేదెవరు?
2002కు ముందు మన దేశంలో కారు తుక్కయితే, బీమా పాలసీలో రాసిన విలువ, ప్రమాదం నాటి మార్కెట్ ధర, ఈ రెండింటిలో తక్కువదే చేతికొచ్చేది. ఎక్కువ విలువ మీద ప్రీమియం తీసుకొని తక్కువ విలువ మీద పరిహారమివ్వడం అన్యాయం. ఆ ఏడాది వచ్చిన మోటార్ టారిఫ్ ఐడీవీని, అంటే పాలసీలో ప్రకటించే బండి విలువను, ముందే ఖాయం చేసింది: ఆరు నెలల్లోపు బండికి 5 శాతం తరుగు, ఐదో ఏట 50 శాతం. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే పూర్తి నష్టమే. బండి ఏడాదిలో పాతబడదా అని కంపెనీలు వాదించవచ్చు. పాతబడుతుంది, అయినా తాను ఒప్పుకున్న విలువను కంపెనీ ఇష్టానుసారం తగ్గించరాదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. ఐదేళ్లు దాటిన బండికి మాత్రం ఆ పట్టిక లేదు, పరస్పర అంగీకారమే ఆధారం. ప్రీమియం తగ్గుతుందని తక్కువ ఐడీవీకి తలూపితే తర్వాత వాదనకు బలముండదు. రెన్యువల్ నాడే ఆ అంకె చూడండి, తక్కువైతే పెంచమని రాతపూర్వకంగా అడగండి.