వేగము, నిగ్రహము: ఒక ఇంగ్లీషు కారు చరిత్ర

బండి ఎంత వేగముగా పోగలదని అడుగువారు పెక్కుమంది. ఎంత త్వరగా ఆగగలదని అడుగువారు కొద్దిమంది. ఈ రెండవ ప్రశ్న మొదటిదానికంటె తక్కువది కాదని చాటిన కారు ఒకటి మోటారు వాహనముల చరిత్రలో కలదు. అది 1959 అక్టోబరు మాసమున ఇంగ్లండునందు వెలువడిన జాగ్వార్ మార్క్ 2. ఒక కుటుంబము హాయిగా కూర్చుండదగిన నాలుగు తలుపుల కారు అది. లోపల తోలు ఆసనములు, నునుపు చేసిన అక్రోటుచెక్క పలకలు. అయినను అందలి 3.8 లీటర్ల యంత్రము దానిని గంటకు 125 మైళ్లు, అనగా సుమారు 200 కిలోమీటర్ల వేగముతో నడుపగలిగెను. పందెపు బండ్లకే చెల్లిన వేగము గృహస్థుని వాకిటికి వచ్చిన కథ ఇది. ఆ వేగమును అదుపులో ఉంచుట ఎవరి ధర్మమను ప్రశ్నయు దానితోనే వచ్చెను.

ఈ కారునకు మూలపురుషుడు విలియం లయన్స్. 1922లో బ్లాక్‌పూల్ పట్టణమున, ఇరువదియొక యేండ్ల ప్రాయమున, విలియం వామ్‌స్లీ అను భాగస్వామితో కలిసి ఆయన మోటారుసైకిళ్ల ప్రక్క తగిలించు సైడుకార్లను చేయ నారంభించెను. పిదప ఇతర సంస్థల బండ్లపై సొగసైన కారు దేహములను నిర్మించుచు, 1928లో కవెంట్రీ నగరమునకు తరలెను. జాగ్వార్ అను పేరు 1935లో ఒక కారునకు వచ్చెను. 1945లో సంస్థకే ఆ పేరు స్థిరపడెను. లయన్స్ ఇంజనీరు కాడు, చిత్రకారుడును కాడు. కారు రూపమును పనివారిచేత నిలువెత్తు నమూనాగా రేకుతో చేయించి, తన ఇంటి ఆవరణమున పగటి వెలుగులో నిలిపి, చుట్టును తిరిగి చూచి, ఇచట కొంత తగ్గింపుడు, అచట కొంత పెంపుడు అని చెప్పెడివాడు. చూపునకు ఖరీదైనదిగా కనబడు బండిని సాటివారికంటె తక్కువ వెలకు అమ్మవలెనని ఆయన పట్టుదల.

రూపము లయన్స్ కంటి నుండి వచ్చినచో, బలము యుద్ధకాలపు రాత్రుల నుండి వచ్చినది. 1940 నవంబరు 14వ తేదీ రాత్రి జర్మను విమానములు కవెంట్రీ నగర మధ్యభాగమును ధ్వంసము చేసెను. బాంబుల వలన మంటలు వ్యాపింపకుండ కర్మాగారములలో రాత్రివేళ కాపలా కాయుట ఆ దినములలో తప్పనిసరి. లయన్స్, ఆయన ప్రధాన ఇంజనీరు విలియం హేన్స్, సహచరులు వాల్టర్ హాసన్, క్లాడ్ బెయిలీ కలిసి కాపలా కాచిన రాత్రులందు, శాంతి నెలకొన్న పిదప చేయవలసిన యంత్రమును గూర్చి చర్చించుకొనెడివారు. నగరము శిథిలమై యుండగా, జనులు మరల కారులలో విహారమునకు పోవు దినము వచ్చునని వారు నమ్మిరి. ఆ చర్చల ఫలమే ఆరు సిలిండర్ల ఎక్స్‌కే యంత్రము. కవాటములను తెరచి మూయు ఇరుసులు రెండును యంత్రము తలపైననే అమర్చబడెను. అట్టి అమరిక అంతవరకు పందెపు బండ్లలోను, మిక్కిలి ఖరీదైన కారులలోను మాత్రమే కానవచ్చెడిది. 1948లో ఎక్స్‌కే 120 అను కారుతో లోకమునకు పరిచయమైన ఈ యంత్రము పెక్కు రూపములు దాల్చి 1992 వరకు తయారగుచునే యుండెను.

ఇక నిగ్రహమునకు వత్తము. పూర్వపు కారులలో చక్రముతోపాటు తిరుగు ఒక డోలు వంటి పాత్ర ఉండెడిది. దాని లోపలి గోడను రెండు చెప్పులు ఒరసికొనగా బండి ఆగెడిది. ఆ ఒరపిడిలో పుట్టిన వేడి పాత్రలోనే చిక్కుకొనును. కనుమదారిని దిగు బండికి మాటిమాటికి బ్రేకు వేసినచో, అది కాలిన వాసన కొట్టి పట్టు సడలుటకు కారణమిదియే. డన్‌లప్ సంస్థ విమానములకు వాడిన ఉపాయము వేరు. చక్రముతో తిరుగు ఒక బిళ్లను రెండు ప్రక్కల నుండి పట్టుకారువలె నొక్కుట. బిళ్ల గాలికి తెరచియుండుటచే వేడి త్వరగా పోవును. 1953లో ఫ్రాన్సునందలి లమాన్ ఇరువదినాలుగు గంటల పందెమున జాగ్వార్ ఈ డిస్కు బ్రేకులతో దిగెను. టోనీ రోల్ట్, డంకన్ హామిల్టన్ నడిపిన కారు గెలిచెను. ఆ పందెమున సగటు వేగము గంటకు నూరు మైళ్లు దాటుట అదియే మొదటిసారి. ఆలస్యముగా బ్రేకు వేసినను ఆగగలనను నమ్మకము ఉన్నవాడే ముందు సాగగలడని అచట రుజువయ్యెను.

1955లో జాగ్వార్ చిన్న సెలూన్ కారు 2.4 లీటర్ల యంత్రముతో వచ్చెను, 1957లో 3.4 లీటర్ల యంత్రము దానికి చేరెను. బలము పెరిగినది గాని వెనుక చక్రముల నడుమ దూరము ఇరుకుగనే ఉండెను. 1958లో ప్రపంచ విజేతయై, పందెములకు స్వస్తి చెప్పిన మైక్ హాథార్న్ ఇట్టి 3.4 కారును నడుపుచు 1959 జనవరి 22న గిల్డ్‌ఫర్డ్ సమీపమున తడి రోడ్డుపై అదుపు తప్పి మరణించెను. అప్పటికి ఆయన వయస్సు 29 సంవత్సరములు. పందెపు బాటలన్నియు దాటివచ్చినవాడు నలుగురు నడచు రోడ్డుపై ప్రాణము కోల్పోయెను.

ఆ యేడాదియే వచ్చిన మార్క్ 2లో వెనుక చక్రముల నడుమ దూరము సుమారు 3 అంగుళములు పెరిగెను, అద్దములు విశాలమయ్యెను, నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు అదనపు రుసుము లేకుండ అమరెను. మరుమాసమున, 1959 నవంబరు 2న, లండను నుండి ఉత్తరమునకు ఎం1 అను మహామార్గము తెరువబడెను. ఆ బాటపై వేగపరిమితి లేదు. ఈ కారులను పెక్కు పోలీసు దళములు కొనెను. వారి నుండి తప్పించుకొనుటకు దొంగలును వీనినే కోరిరి. బండికి ధర్మాధర్మములు తెలియవు గదా! తుదకు 1965 డిసెంబరు 22న గంటకు 70 మైళ్ల పరిమితి ప్రయోగముగా వచ్చెను; 1967లో రవాణా మంత్రిణి బార్బరా కాసిల్ దానిని శాశ్వతము చేసెను. యంత్రము ఇచ్చిన వేగమునకు చట్టము ఎల్ల గీసినది. 80 వేలకు పైగా తయారైన మార్క్ 2 పేరు ఆ సంవత్సరముతోనే ముగిసెను.

నేడు ఈ కారును పోషించుట సులభము కాదు. ఇది పెట్రోలు విషయమున మితభోజి కాదు. నెమ్మదిగా పోవునపుడు స్టీరింగు బరువు. 1965కు పూర్వపు బండ్లలో బండి పూర్తిగా నిలువక మొదటి గేరు వేసినచో పండ్లు కరకరలాడును. అన్నింటికంటె పెద్ద శత్రువు తుప్పు. ఈ కారునకు వేరుగా చట్రము లేదు. దేహమే ఎముకల గూడు. కనుక తలుపుల క్రింది అంచులలో తుప్పు పట్టినచో చెడునది అందము మాత్రమే కాదు, బలము కూడ. పైన రంగు వేసి మరుగుపరచువాడు తన్ను తానే మోసగించుకొనును. 2018 మే 20 నుండి బ్రిటనునందు నలువది యేండ్లు దాటి, పెద్ద మార్పులు పొందని వాహనములకు ఏటేటి పరీక్ష తప్పనిసరి కాదు. అట్లని పూచీ తొలగలేదు. బండిని రోడ్డుకు తగినట్లుంచుట యజమాని బాధ్యతగనే ఉన్నది. తెలిసినవారు స్వయముగా పరీక్ష చేయించుచునే ఉన్నారు.

మార్క్ 2 పుట్టిన బ్రౌన్స్ లేన్ కర్మాగారమున కారుల తయారీ 2005లో ఆగిపోయెను. 2008లో జాగ్వార్ సంస్థను మన దేశపు టాటా మోటార్స్ కొనెను. యజమానులు మారిరి, కర్మాగారము పోయెను; ఆ పాత కారులు మాత్రము ఎందరి శ్రద్ధచేతనో ఇంకను తిరుగుచున్నవి. వాని పెడలు కింద ఇంజనీర్లు ఉంచినది వారి విద్య. చట్టము రోడ్డు ప్రక్కన నిలిపినది ఒక అంకె. ఆ రెండింటి నడుమ నడుపువాని పాదము ఉన్నది. దానికి బదులు పని చేయు యంత్రము ఆ కారులో లేదు.