కందెనను కడుపులో దాచుకొన్న కాఠిన్యము



“కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అను సామెత మీరందఱు ఎఱిగినదే. ఆ సంగీతము తుదకు ఇరుసు అరుగుటతో ముగియును. కందెన వేయుటకే వీలులేని చోట మనుష్యుడు పన్నిన యుపాయముల చరిత్రను నేడు మీకు విన్నవింతును.

నూనె మిక్కుటమగు వేడికి నిలువదు, మాడి మసియగును. అందుచే పొడికందెనలను వెదకిరి. పెన్సిలులోని గ్రాఫైటు అట్టిది. కాని రెండవ ప్రపంచయుద్ధకాలమున మిక్కిలి యెత్తున ఎగిరిన విమానములలో, విద్యుద్యంత్రముల కార్బను బ్రష్షులు వడిగా అరిగి దుమ్మగుచుండెను. విచారింపగా, గ్రాఫైటు జాఱుటకు గాలిలోని తేమయే తోడ్పడుచుండెననియు, పైగాలిలో ఆ తేమ చాలదనియు తేలినది. మాలిబ్డినైటు అను మఱియొక నల్లని ఖనిజమునకు తేమతో పనిలేదు. కాని గాలిలో సుమారు 400 డిగ్రీల సెంటిగ్రేడు వేడికి అదియు చెడును.

అరుగని పింగాణీజాతి పదార్థములనే వాడరాదా యని మీరు అడుగవచ్చును. కాఠిన్యము వేఱు, జాఱుడుతనము వేఱు. రెండు కఠినవస్తువులు పొడిగా ఒరసికొన్నచో ఒకదానినొకటి గీకికొని పెచ్చులూడును.

ఈ చిక్కును విప్పినవారిలో ముఖ్యుడు హెరాల్డు స్లైనీ. అమెరికాలో క్లీవ్‌లాండు నగరమందలి నాసా పరిశోధనాలయమున ఆయన చిరకాలము శ్రమించి, 1980 దశకమున పి.యస్. 200 అను పూతను సిద్ధపఱచెను. అందు నూటికి 80 పాళ్లు లోహముతో బంధించిన క్రోమియం కార్బైడు, 10 పాళ్లు వెండి, 10 పాళ్లు బేరియం, కాల్షియం ఫ్లోరైడుల మిశ్రమము. ఈ పొడులను కలిపి, మహోష్ణమగు ప్లాస్మాజ్వాలతో లోహముపై చిమ్ముదురు. కార్బైడు బరువును మోయును. వేడి తక్కువగా నున్నప్పుడు మెత్తని వెండి కందెన యగును. వేడి హెచ్చినప్పుడు ఫ్లోరైడులు మెత్తబడి ఆ పని నందుకొనును. పూత అరిగినకొలది లోపలి కందెన పైకి వచ్చును. సుమారు 900 డిగ్రీల వఱకు ఇట్లు పనిచేయును.

అయినను ఒక లోపము మిగిలెను. ఆ పూతను నునుపు చేయుటకు వజ్రపు సానయే కావలెను. అది వ్యయముతో కూడిన పని. అందుచే 1990 దశకమున అదే పరిశోధనాలయమువారు కార్బైడునకు మాఱుగా నికెల్, క్రోమియముల మిశ్రలోహమును, క్రోమియం ఆక్సైడును కూర్చి పి.యస్. 304 ను చేసిరి. నూనె లేకయే గాలిపొరపై తిరుగు ఇరుసులకు ఇది మిక్కిలి యుపకరించినది. వడి అందుకొన్న ఇరుసును గాలి మోయును. బయలుదేరునప్పుడును ఆగునప్పుడును మాత్రము అది ఒరసికొనును. ఆ రెండు ఘడియలలో పూతయే దానిని కాపాడును.

బండివానికి కందెన మఱచుట ఒక పూట ఆలస్యము. ఆకాశమున తిరుగు యంత్రమునకు అది ప్రాణాపాయము. కనుకనే కందెనను ఇరుసు పైపూతలోనే ఇమిడ్చిరి.