రోమన్ అక్షరాల్లో తెలుగు: అంతర్జాలపు తొలినాటి రాత

అంతర్జాలంలో తెలుగు మొదట అడుగుపెట్టినది రోమన్ అక్షరాలతోనే. 1990ల ఆరంభంలో అమెరికా విశ్వవిద్యాలయాల్లో చదువుకుంటున్న తెలుగువారు యూజ్‌నెట్‌లో, అంటే విషయాలవారీ చర్చలను ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు చేరవేస్తూ 1980 నుంచి నడుస్తున్న వ్యవస్థలో, తెలుగు కోసం ఒక ప్రత్యేక వేదిక ఏర్పరచుకొని, పద్యాల మీదా సినిమాల మీదా ఎడతెగని వాదాలు సాగించారు. అయితే ఆనాటి సందేశాలు నడిచిన ఆస్కీ సంకేతావళిలో ఉన్నవి 128 స్థానాలే కావడంతో, ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ విరామచిహ్నాలూ పోగా మరో లిపికి చోటు మిగలలేదు.

ఈ ఇబ్బందిలోంచి పుట్టినదే ఆర్‌టీఎస్ అనే లిప్యంతరీకరణ పద్ధతి. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించినందున దానికి ఆ సంస్థ పేరే వచ్చింది. ఇంగ్లీషు చిన్నబడి, పెద్దబడి అక్షరాల తేడాను తెలుగు ధ్వనుల తేడాకు వాడుకోవడం దీని కిటుకు: చిన్న 'టి' త అయితే పెద్ద 'టి' ట, చిన్న 'ఎల్' ల అయితే పెద్దది ళ. వాక్యం మొదట పెద్ద అక్షరం రాయాలన్న బడి చదువును మరిచిపోతే తప్ప ఇది అలవడదు. 'లత' అన్న పేరును 'హెచ్' చేర్చి రాసే వాడుకను ఇక్కడికి తెస్తే ఆమె 'లథ' అయిపోతుంది. అయినా ఈ క్రమశిక్షణకు ఫలితం ఉండేది. ఇలా రాసిన పాఠాన్ని 'రిట్' అనే పనిముట్టు పొల్లుపోకుండా తెలుగు లిపిలోకి మార్చేది.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్‌ఎల్ భారతదేశంలో అంతర్జాల సేవను ప్రజలకు అందించాక, తెలుగు పత్రికలు తెరమీదకు వస్తూ వేరే దారి పట్టాయి. తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు వంటి ముక్కలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చిన ఫాంట్లను ఒక్కొక్క సంస్థ తనకు తోచిన వరుసలో తయారుచేసుకోవడం వల్ల, ఆ ఫాంటు లేని పాఠకుడికి వార్తకు బదులు అర్థంలేని గుర్తుల బారు కనిపించేది. చూడముచ్చటగా ఉన్నా అది కంప్యూటరు దృష్టిలో తెలుగు కాదు, వెతికితే దొరికేదీ కాదు.

ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలు కేటాయించే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే 128 స్థానాలు దక్కాయి. అది దాచేది ఆకారాన్ని కాదు, అక్షరక్రమాన్ని. 'క్ష' అంటే క, పొల్లు, ష అనే మూడు సంకేతాల వరుస, వాటిని కలిపి గీయడం యంత్రం వంతు. ఆ గీత 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చేదాకా సాధారణ వాడుకరికి అందలేదు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పత్రికల ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ', రోమన్‌లో కొట్టినది వెంటనే తెలుగులో చూపే 'లేఖిని' ఆ తరవాత వచ్చాయి. లేఖినితో ఆర్‌టీఎస్ తరహా రాత చదువరి కంటికి కనిపించకుండా పోయి, రాసేవారి వేళ్ళలో మాత్రం మిగిలింది.

చేతిఫోన్లలో తెలుగు మీటలు ఉన్నా, రోమన్ రాత మళ్ళీ పైకి వచ్చింది, ఈసారి అవసరం కొద్దీ కాదు, అలవాటు కొద్దీ. పాట, పాత, పాఠ అనే మూడింటికీ ఒకే వర్ణక్రమం చాలుతున్న ఈ రాతలో, ఒకప్పుడు పెద్దబడి అక్షరం మోసిన బరువును ఇప్పుడు చదివేవారి ఊహ మోస్తున్నది.