చెట్టు వలయాల్లో కరువు లెక్క: డుంబ్రిగుడ మెట్ట రైతులకు సూచనలు

డుంబ్రిగుడ చుట్టుపక్కల మెట్టల్లో చోడి, సామ, వలిసెలు, రాజ్‌మా వేసే రైతులకు వానే ఆధారం. గడ్డు కాలం ఎన్నేళ్లకు వస్తుంది, వస్తే ఎన్నేళ్లు ఉంటుంది అన్నది తెలిస్తే విత్తనం, తిండిగింజలు, నీరు ముందుగా చూసుకోవచ్చు. పెద్దల జ్ఞాపకం డెబ్బై, ఎనభై ఏళ్లకు మించదు. వాన కొలిచిన లెక్కలు కూడా చాలా చోట్ల నూటయాభై ఏళ్లకు లోపే. అంతకు ముందు సంగతి పాత చెట్ల మానులో దొరుకుతుంది.

వలయం ఎలా ఏర్పడుతుంది?

టేకు చెట్టు ఎండాకాలంలో ఆకు రాల్చి పెరుగుదల ఆపుతుంది. తేమ తగలగానే మళ్లీ పెరుగుతుంది. ఆ మొదట్లో ఏర్పడే కలపలో పెద్ద రంధ్రాలు వరుసగా ఉంటాయి. అదే ఏడాదికీ ఏడాదికీ మధ్య గీత. నేలలో తేమ బాగా ఉన్న ఏడు వలయం వెడల్పుగా, తేమ చాలని ఏడు సన్నగా వస్తుంది. మామిడి, పనస వంటి చెట్లలో ఈ గీతలు స్పష్టంగా ఉండవు. జీలుగు తాటి జాతిది కాబట్టి దానిలో వలయాలే ఉండవు.

శాస్త్రవేత్తలు ఏం కనుగొన్నారు?

పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ అధ్యయన సంస్థ వారు కేరళ టేకు చెట్లతో 1481 నుంచి 2003 వరకు 523 ఏళ్ల వలయాల లెక్క తయారుచేశారు. పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో వల్ల రుతుపవనాలు బలహీనపడిన ఏళ్లలో చాలాసార్లు వలయాలు సన్నబడ్డాయి. 2010లో ఎడ్వర్డ్ కుక్ బృందం ఆసియాలో 300కు పైగా చోట్ల సేకరించిన వలయాల లెక్కలు కలిపి, 1300 నుంచి 2005 వరకు కరువు పటాలు వేసింది. 1756-68, 1790-96, 1876-78 కరువులు అందులో ప్రధానంగా కనిపించాయి. చివరిది మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్నదే.

గమనించవలసింది ఒకటే: పెద్ద కరువులు ఒక్క ఏడాదితో పోలేదు. వరుసగా వచ్చాయి.

మీరే చూడాలంటే

• ఇందుకోసం చెట్టు నరకవద్దు. శాస్త్రవేత్తలు కూడా సన్నని బరమాతో పెన్సిల్ కంటే సన్నని కలప పుల్లను మాత్రమే తీస్తారు.
• ఏ ఏడాది కొట్టారో తెలిసిన టేకు మొద్దును ఎంచుకోండి. కోసిన ముఖాన్ని ఉప్పు కాగితంతో నున్నగా రుద్ది, నీళ్లతో తడిపి, భూతద్దంతో చూడండి.
• బెరడు వైపు నుంచి లోపలికి లెక్కపెట్టండి. 2002, 2009 దేశమంతటా వాన బాగా తగ్గిన ఏళ్లు. ఆ వలయాలు ఎలా ఉన్నాయో పోల్చండి.
• ఒక్క మొద్దును నమ్మవద్దు. ఆకు తినే పురుగు పట్టినా, కొమ్మలు కొట్టినా, 2014 అక్టోబరులో వచ్చిన హుద్‌హుద్ వంటి తుపానుకు కొమ్మలు విరిగినా వలయం సన్నబడవచ్చు. వానలు మధ్యలో ఆగి మళ్లీ పడితే ఒకే ఏట రెండు గీతలు రావచ్చు. చాలా చెట్లలో ఒకే ఏడు సన్నబడితేనే అది కరువు గుర్తు.

ఈ లెక్కతో ఏం చేయాలి?

వలయాలు వచ్చే ఏడాది వాన సంగతి చెప్పవు. ఎంత గడ్డు కాలానికి సిద్ధపడాలో చెబుతాయి. కాబట్టి:

• చోడి, సామ విత్తనం ఒక్క పంటకు సరిపడా కాక, రెండు పంటలకు సరిపడా బాగా ఆరబెట్టి దాచండి. మొదటి విత్తు ఎండిపోయినా మళ్లీ వేయవచ్చు.
• ఉన్న పొలమంతా రాజ్‌మా ఒక్కటే వేయవద్దు. కొంత భాగంలో తక్కువ నీటితో పండే సామ, వలిసెలు ఉంచండి.
• వాలుకు అడ్డంగా దున్ని, రాతి కట్టలు వేసి, వాన నీటిని నేలలోకి ఇంకించండి. చెట్టుకైనా పైరుకైనా పనికొచ్చేది వేళ్ల దగ్గర నిలిచిన తేమే.
• ఊటలకు, గెడ్డలకు పైనున్న వాలులో చెట్లు కొట్టవద్దు. వరుస కరువులో ఊరికి చివరిదాకా ఆసరా ఆ ఊట నీరే.