తల్వార్‌కి సాయా

"ఏక్ మ్యాన్ మే దో తల్వారేఁ నహీఁ సమాతీఁ" అని బడిలో మా ఉస్తాద్ తరచూ అనేవారు. డిగ్రీలో తెలుగు చదువుతుంటే అదే మాట "ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు" అని ఎదురైంది. జపాన్ వాళ్లు ఇద్దరికి పొసగకపోతే "వంపు కలవలేదు" అంటారు. విడిపోయిన మియాబీవీ మళ్లీ కలిస్తే "పాత ఒరలోకి చేరారు" అంటారు. కత్తిని, ఒరను రోజూ చూసిన జనం నోట పుట్టిన మాటలివి. అక్కడ ప్రతి ఒరనూ ఒకే ఒక్క కత్తి కొలతకి చెక్కుతారు. ఇంకో కత్తి అందులో ఇమడదు.

జపానీలో ఒరను "సాయ" అంటారు. మన ఉర్దూలో సాయా అంటే నీడ, ఆసరా. రెండు జబాన్‌లకూ రిష్తా ఏమీ లేదు, అది ఉత్త ఇత్తెఫాక్. కానీ అర్థం మాత్రం బాగా కుదిరింది.

ఒర చేసే కారీగర్ హోనోకి అనే చెట్టు కలప వాడతాడు. అది మన సంపెంగకు దాయాది. కలప మెత్తన, జిగురు తక్కువ, కాబట్టి ఉక్కును గీయదు, తుప్పు పట్టించదు. దాన్ని ఏళ్ల తరబడి ఆరబెట్టి, నిలువునా రెండు చెక్కలుగా చీల్చి, లోపల కత్తి ఆకారం తొలుస్తాడు. పదును ఎక్కడా చెక్కకు తగలకూడదు. పిడి దగ్గర కత్తికి తొడిగిన లోహపు పట్టీయే ఒర మూతిలో బిగుసుకుని బరువంతా మోస్తుంది.

రెండు చెక్కలనూ అతికేది అన్నం మెతుకులు నూరి చేసిన జిగురుతో. అంతకంటే గట్టి జిగురు దొరక్క కాదు. లోపల చెమ్మ, తుప్పు చేరితే ఒరను విప్పి, శుభ్రం చేసి, మళ్లీ అతకాలి కదా! తన పనిని రేపు ఇంకో కారీగర్ విప్పుతాడని తెలిసే చేసేవాడు.

పిడి కూడా అదే కలప. దానిపై టేకు చేప గరుకు తోలు, ఆపైన పట్టు తాడు లేదా తోలు తాడు చుట్టేవారు. కత్తిని పిడిలో నిలిపేది ఒక వెదురు మేకు మాత్రమే. 17వ శతాబ్దంలో సయాం రాజధాని అయుథయ నుంచి డచ్ ఓడలు ఆ తోళ్లను జపాన్ చేర్చేవి. మన గోల్కొండ సుల్తనత్ నాటి మచిలీపట్నం సౌదాగర్లు తిజారత్ చేసిందీ ఆ సయాంతోనే.

ఇక పూత. లక్క అనగానే మనకు ఏటికొప్పాక బొమ్మలు గుర్తొస్తాయి. ఆ లక్క పురుగు ఇచ్చేది. జపాన్ వారి "ఉరుషి" చెట్టు పాలు. పదేళ్లు దాటిన చెట్టుకు ఒక సీజన్‌లో గాట్లు పెడితే దొరికేది సుమారు 200 గ్రాములు. ఆ తర్వాత చెట్టును కొట్టేస్తారు. పచ్చి పాలు ఒంటికి తగిలితే దద్దుర్లు లేస్తాయి. విచిత్రమేమిటంటే ఈ పూత ఎండలో ఆరదు, తేమ ఉన్న బీరువాలో గట్టిపడుతుంది. ఒక పూత, ఒక అరగదీత, మళ్లీ పూత. చివరికి బొగ్గుతో మెరుగు. నెలల సబర్ అది. నారా నగరంలోని షోసోయిన్ ఖజానాలో 8వ శతాబ్దపు ఒర ఉంది. దాని నల్లని పూతపై బంగారు పొడి నేటికీ కనిపిస్తుంది.

ఇంత మెహనత్ చేసినవాడి నామ్ ఏది? కమ్మరి తన పేరును కత్తి మొదట్లో చెక్కుతాడు. పిడి ముందుండే ఇనుప చక్రం చేసినవాడూ చెక్కుకుంటాడు. ఒర చెక్కినవాడు సాధారణంగా బేనామ్. కత్తిని దాచిపెట్టడానికి పూత లేని తెల్ల ఒర ఒకటి చేస్తారు. దానిపై నిపుణులు సిరాతో ఒక పేరు రాస్తారు. అదీ కమ్మరి పేరే! తన చేతి పని మీద కూడా వేరొకరి పేరు.

1876 మార్చి 28న మెయిజీ సర్కార్ ఫర్మానా వచ్చింది. ఫౌజీలు, పోలీసులు, దర్బారు దుస్తుల్లో ఉన్నవారు తప్ప ఎవరూ బయట కత్తి ధరించరాదన్నది హుకుం. కత్తి పక్కకు పోగానే ఒర కారీగర్, పూత కారీగర్, తాడు చుట్టేవాడు, అందరి రోజ్‌గార్ దెబ్బతింది. సమురాయ్ బాధ మీద కితాబులు, సినిమాలు వచ్చాయి. ఈ చేతుల బాధ ఎవరికి పట్టింది?

హునర్ మాత్రం చావలేదు. 1945 ఓటమి తర్వాత అమెరికన్ ఫౌజులు కత్తులు జప్తు చేశాయి. 1948లో కత్తుల హిఫాజత్ కోసం ఒక సంఘం ఏర్పడింది. అది జరిపే పోటీల్లో ఇప్పుడు ఒర, పిడి చేసే కారీగర్లు తమ పేర్లతోనే పాల్గొంటారు.

ఇది చదువుతుంటే నాకు మన గల్లీల్లోని కలాయీవాలాలు, నాల్‌బంద్‌లు గుర్తొచ్చారు. వాళ్లు మెరిపించిన దేగ్చీలు ఇంకా మన ఇళ్లలో ఉన్నాయి. మీ ఖాందాన్‌లో అలాంటి దాదా, నానా ఎవరైనా ఉంటే ఆయన పేరు, చేసిన పని, వాడిన ఔజార్ల పేర్లు ఈ రోజే ఒక కాగితం మీద రాసి పెట్టండి. గుర్తున్నవాళ్లు ఇంట్లో ఉండగానే అడగండి.