మధుమేహౌషధముల చరిత్రలో మూత్రపిండములు

ధర్మవరమున మగ్గము ముందు కూర్చుండు నేతగాడైనను, హిందూపురపు బెల్లపు మండీలో లెక్క వ్రాయు గుమాస్తాయైనను, పెనుకొండ కొండదిగువన వేరుసెనగ పండించు రైతైనను, మధుమేహము పట్టిన పెక్కేండ్లకు ఒక వింత చూడవచ్చును. ఎన్నడును లొంగని చక్కెర తనంతట తగ్గనారంభించును. ‘దేవుడు చల్లగా చూచినా’డని ఇంటివారు సంతసింతురు. చల్లనిచూపు కాదది. ఇన్సులినును శరీరమునుండి తొలగించుటలో మూత్రపిండములకు పెద్ద పాలు గలదు. అవి చెడినచో ఇన్సులిను రక్తమున నిలిచిపోవును. నిన్నటి మోతాదే నేడు హెచ్చగును. నడిరేయి చెమటలు పట్టి, వణకు పుట్టి, తెలివి తప్పుట అందువలననే.

ఈ సంగతి తెలియుటకు ముందొక కథ జరుగవలసివచ్చెను. 1922 జనవరిలో టొరంటో నగరమున లియొనార్డ్ థాంప్సన్ అను బాలునకు ఇన్సులినును తొలిసారిగా ఇచ్చిరి. అంతకు పూర్వము అట్టి బాలురు ఎక్కువకాలము బ్రతుకుట యరుదు. మందు ప్రాణము నిలిపెను. నిలిచిన ప్రాణమునకు, ఏండ్లు గడచిన కొలది, మూత్రపిండముల చేటు దాపురించెను. 1936లో కిమ్మెల్‌స్టీల్, విల్సన్ అను వైద్యు లిరువురు ఆ చేటును సూక్ష్మదర్శినిలో చూచి వర్ణించిరి.

తరువాత మాత్రల కాలము వచ్చెను. ఫెన్‌ఫార్మిన్ అనునది రక్తమున లాక్టికామ్లమును పెంచి కొందరి ప్రాణములు గొనెను; 1970 దశకమున అమెరికా దానిని విడిచెను. మన దేశమున 2003 వరకును అది నిషిద్ధము కాలేదు. ఇంత ఆలస్యమేలనో! దాని సోదరియైన మెట్‌ఫార్మిన్ సౌమ్యమైనదే. కాని అది మూత్రపిండములగుండానే వెలికిపోవలెను. వడపోతశక్తి 30కి లోబడినవారికి అది కూడదని 2016లో అమెరికా ఔషధశాఖ నిర్ణయించినది. గ్లిబెన్‌క్లమైడ్ అవశేషములును నిలిచిపోయి చక్కెరను పడగొట్టును.

ఆపిలు చెట్టు వేరుపట్టలో 1835లో కనుగొనిన ఫ్లోరిజిన్ కథ వేరు. అది మూత్రమున చక్కెరను పారవైచునని 1886లో మేరింగ్ చూపెను. దాని జాతి మందులలో నొకటి మూత్రపిండముల క్షయమునే మందగింపజేయునని 2019లో పరిశోధన తేల్చినది. వ్యాధి ముదిరినపుడు వానికి చక్కెర దించు బలము సన్నగిల్లును. ఆ రక్షణ మాత్రము కొంత నిలుచును.

ఈ మూడు ఊళ్లును 2022 ఏప్రిలు వరకు అనంతపురము జిల్లాలోనివి. గుండె, మూత్రపిండముల జబ్బులకు పేదల వ్యయమును భరించు ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిలు 1న మొదలైన మూడు జిల్లాలలో అనంతపురమొకటి. పెద్ద చికిత్సకు దారి యేర్పడినది. అయిదేండ్లనాటి చీటీనే మందుల అంగడిలో చూపి, క్రియాటినిను పరీక్ష యెరుగక, అదే మాత్రను అదే లెక్కకు కొనుట మాత్రము నేటికిని కలదు. మోతాదు తగ్గించుట వైద్యుని పని. రోగి తానై మందు మానుటయు ప్రమాదమే.